ఒక్క గిటార్ పాటగాడు ఫుల్ బ్యాండ్‌తో వస్తే: రివ్యూలు ఎలా చదవాలి, మనం ఎలా రాయాలి

మా ఇంట్లో బ్యాండ్ అంటే పెళ్ళి బ్యాండే. మొన్న ఫోన్లో ఎవరితోనో "వాడు ఈసారి ఫుల్ బ్యాండ్ పెట్టాడు" అంటుంటే వంటింట్లోంచి మా అమ్మ "ఎవుడి పెళ్ళిరా" అని కేకేసింది. నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే సగం విషయం అందులోనే ఉందనిపించింది. పెళ్ళి బ్యాండ్‌లో క్లారినెట్ పాట ఎత్తుకుంటే డోళ్ళూ బూరలూ అన్నీ దాని మీద పడిపోతాయి, అయినా మనం గుర్తుపట్టేస్తాం, ఎందుకంటే ఆ పాట ఊరందరికీ ముందే తెలుసు. తనే రాసుకుని తనే బాణీ కట్టుకుని పాడుకునేవాడి పాట ఎవరికి ముందే తెలుసు చెప్పండి? అలాంటివాడు మొదటి ఆల్బమ్ గదిలో కూర్చుని ఒక్క గిటార్‌తో చేసి, రెండోదానికి డ్రమ్స్, బేస్, కీబోర్డ్, ఎలక్ట్రిక్ గిటార్ అన్నీ తెచ్చుకున్నాడంటే విన్నవాళ్ళు రెండు జట్లయిపోతారు. ఒక జట్టు "ఎదిగాడు" అంటాది, ఇంకో జట్టు "పాడైపోయాడు" అంటాది, రెండూ చదివాక మనకి తెలిసింది ఏటీ ఉండదు.

పర్లాకిమిడి నుంచి రాస్తున్నా. ఊరు ఒడిశాలో, ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, పాతపట్నం వైపు నాలుగడుగులేస్తే ఆంధ్రా. నా మాట ముందే చెప్పేస్తాను, నచ్చకపోతే మిగతాది చదవక్కర్లేదు: ఆల్బమ్ మొత్తానికి కలిపి "బ్యాండ్ బాగుందా లేదా" అని అడిగితే ఎప్పటికీ తేలదు, పాటకో పాటగా అడగాలి, ఈ పాటకి బ్యాండ్ పని ఉందా, దానికి ఉందా అని. అలా అడిగిన రివ్యూ మంచి రివ్యూ. మిగతావి అభిమానం, లేకపోతే కోపం.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నదే. మావాడొకడున్నాడు, తమ్ముడి లాంటోడు, పేరెందుకు లెండి. వాడి రెండో ఆల్బమ్ వచ్చిన రోజే నేను గుణుపురం బండెక్కాను, కిటికీ పక్క సీటు, ఇయర్‌ఫోన్ ఒక చెవి పోయింది, రెండో చెవిలో పెట్టుకుని బండి చప్పుడులో ఆల్బమ్ మొత్తం ఒక్కసారి విన్నాను, దిగకముందే ఫోన్లో టైప్ చేసి పెట్టేశాను. "డ్రమ్స్ గొంతుని మింగేశాయి, బేస్ అసలు లేదు, మనోడు మనోడిలా లేడు" అని. రాత్రి తొమ్మిదింటికి వాడే ఫోన్ చేశాడు. కోపంగా కాదు, అదే ఇంకా బాధ.

"అన్నా, బేస్ లేదన్నావు, దేంట్లో విన్నావు?"

"ఫోన్లోరా."

"నాలుగో పాట రెండో చరణంలో గిటార్ ఆపేశానన్నా. అక్కడ పాటంతా బేసే మోస్తాది."

నాకు నోట మాట రాలేదు. మర్నాడు మైక్ సెట్టు షాపుకెళ్ళి, అక్కడ కుర్రాణ్ణి బతిమాలి పెద్ద బాక్సులో అదే పాట పెట్టించుకున్నాను. రెండో చరణం దగ్గర గిటార్ తప్పుకుంది, కింద నుంచి ఒక మెత్తటి మోత గొంతుని అరచేతిలో పెట్టుకున్నట్టు ఎత్తింది, షాపు కౌంటర్ మీద ఉన్న టీ గ్లాసు సన్నగా కదిలింది. నేను లేదని రాసింది దాన్నే.

కాబట్టి మొట్టమొదటి పని, దేంట్లో వింటున్నారో చూసుకోండి. మామూలు బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ (అంటే సెకనుకి 41 కంపనాలు, అంకె ఎంత తక్కువైతే మోత అంత కిందికి) దగ్గర మోగుతాది, మామూలు గిటార్ కింది తీగ 82 దగ్గర. ఫోన్ స్పీకర్ వేలెడంత ఉంటాది, అది ఆ కింది స్వరాన్ని సరిగా పలికించలేదు, దాని మీద పుట్టే పై స్వరాలు విని మన బుర్రే కింద ఉన్నదాన్ని ఊహించుకుంటాది. ఒంటరి గిటార్ ఆల్బమ్‌కి ఈ తేడా పెద్దగా తెలీదు. బ్యాండ్ ఆల్బమ్‌లో అయితే ఇంటి పునాదే కనిపించకుండా పోతాది. ఇక ఒక్క చెవిలో విన్నారంటే కుడి పక్క పెట్టిన కీబోర్డో ఎడమ పక్క పెట్టిన గిటారో మొత్తానికే ఎగిరిపోవచ్చు. ఖరీదైన హెడ్‌ఫోన్ కొనమని కాదు, రెండు చెవులూ పనిచేసే మామూలు ఇయర్‌ఫోన్ ఒకటి, ఒకసారి ఏదైనా పెద్ద బాక్సు, చాలు. రివ్యూ చదివేటప్పుడు కూడా రాసినాయన దేంట్లో విన్నాడో ఎక్కడైనా చెప్పాడా చూడండి, నూటికి తొంభై మంది చెప్పరు, నేనూ చెప్పలేదు.

రెండో సంగతి సౌండ్, అంటే వాల్యూమ్. పాత ఆల్బమ్, కొత్త ఆల్బమ్ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే రెండూ ఒకే సౌండ్‌లో వినాలి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపిస్తాది, ఎవరికైనా. స్పాటిఫై లాంటి యాప్‌లు పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ఒక వాల్యూమ్ కొలతకి తెచ్చి సమానం చేస్తాయి, ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ పని తేలిక. మావాడు పంపిన ఫైల్ ఫోన్లోంచి, పాత పాట యాప్‌లోంచి, అలా విన్నారో పోలిక చెడింది.

ఇప్పుడు అసలు వినడం. నేను ఒక కొలబద్ద పెట్టుకున్నాను, అది మన బుర్రకథ. బుర్రకథలో నడిమి కథకుడు తంబూరా పట్టుకుని కథ చెప్తాడు, రెండు పక్కలా వంతలు డక్కీలు వాయిస్తారు, తందాన తాన అంటారు, ఒకాయన జోకులేస్తాడు, ఒకాయన దేశం సంగతులు ఎత్తుతాడు. ముగ్గురూ ఆడతారు, ముగ్గురూ మాట్లాడతారు, అయినా కథ ఎవరిదో ఎవరికీ అనుమానం రాదు. కథకుడు గుక్క తిప్పుకునే చోటే వంత దూరుతాడు, కథకుడు ఏడిపించే చోట వంత డక్కీ మీద చెయ్యి అలా ఆనించి ఉంచుతాడు తప్ప కొట్టడు. బ్యాండ్ ఆల్బమ్ వింటున్నప్పుడు నేను వెతికేది అదే. గొంతు ఆగిన ఖాళీలో గిటార్ మాట్లాడుతోందా, గొంతు మీదే ఎక్కి మాట్లాడుతోందా? గొంతు అణిగి పాడే లైన్‌లో డ్రమ్మర్ చెయ్యి ఆపాడా లేదా?

దీన్ని చెవితో వదిలెయ్యకుండా కాగితం మీద పెట్టండి. పాట పక్కన నిమిషాలు రాసుకోండి, అంతే. ఆ నాలుగో పాటకి నేను రాసుకున్నది ఇలా ఉంది: మొదట్లో గొంతు, గిటార్. ఒక నిమిషం పన్నెండుకి డ్రమ్స్, కర్రలతో కాదు బ్రష్‌లతో, అన్నం గిన్నె చీపురుతో తుడిచినట్టు చప్పుడు. రెండు నిమిషాల ఐదుకి గిటార్ మాయం, బేస్. రెండు నలభైకి అన్నీ ఒకేసారి, గొంతు ఒక మెట్టు పైకి ఎక్కింది, అరుపు కాదు గానీ మెడ నరాలు కనిపించే పాట. మూడు ఇరవైకి అన్నీ ఆగి గొంతొక్కటే. ఇలా రాసుకున్నాక "డ్రమ్స్ గొంతుని మింగేశాయి" అని రాయడానికి చెయ్యే రాలేదు, మింగింది ఒక్కచోట, అది కూడా నలభై సెకన్లు, కావాలనే. కానీ మూడో పాటకి అదే లెక్క వేస్తే మొదట్నుంచి చివరిదాకా డ్రమ్స్ ఒకే పని చేస్తూ కూర్చున్నాయి. పాటేమో వాళ్ళ నాయనమ్మ పోయిన రాత్రి గురించి. అక్కడ నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, బల్ల మీద వేలితో తాళం వెయ్యండి. ఒంటరిగా పాడుకున్న రికార్డింగ్‌లో తాళం ఊపిరి తీసుకుంటాది, బాధ దగ్గర నెమ్మదిస్తాది, కోపం దగ్గర పరిగెడతాది, పాడేవాడికే తెలీదు. డ్రమ్స్ పెట్టాక చాలామంది చెవిలో క్లిక్ పెట్టుకుని రికార్డ్ చేస్తారు, టిక్ టిక్ టిక్ మొదట ఎంతో చివర అంతే. "ఏదో పోయింది, ఆ దగ్గరితనం లేదు" అని రాసే రివ్యూల్లో సగం నిజానికి దీని గురించే, రాసినాయనకి ఆ ముక్క పట్టుబడక "ఆత్మ లేదు" అనేస్తాడు. మిగతా సగం ఊపిరి చప్పుడు గురించి. గదిలో మైక్ నోటికి దగ్గరగా పెట్టి గుసగుసగా పాడితే పెదాలు విడిపోయే చప్పుడు కూడా వినిపిస్తాది, పక్కన డ్రమ్స్ మోగుతుంటే ఆ గుసగుస నిలబడాలంటే మిక్సింగ్‌లో దాన్ని నొక్కి పైకి లేపాలి, లేకపోతే పాడేవాడే గొంతు పెంచాలి. ఏది చేశారో వినండి, అదే రాయండి.

తెలుగు పాటకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది, ఇది ఇంగ్లీష్ రివ్యూల్లో దొరకదు. మన మాటలు అచ్చుతో ఆగుతాయి, పైగా హ్రస్వం దీర్ఘం మారితే అర్థమే మారిపోతాది. గిటార్ ఒక్కటే ఉన్నప్పుడు పాడేవాడు మాటని బట్టి తాళాన్ని జరుపుకుంటాడు. డ్రమ్స్ ఉంటే మాటే తాళంలోకి సర్దుకోవాలి. మావాడి ఆరో పాటలో "పడకు" అని రాశాడు, బీట్ కోసం మొదటి అక్షరాన్ని సాగదీశాడు, నాకు మూడుసార్లు "పాడకు" అనే వినిపించింది, ఒక పాటగాడు నన్ను పాడొద్దంటున్నాడేటి అనుకున్నాను. అలాగే డ్రమ్స్ పక్కనుండే సింబల్ (ఇత్తడి పళ్ళెం) చప్పుడూ స, ష, చ శబ్దాలూ పైన ఒకే చోట మోగుతాయి, రెండూ కలిస్తే అక్షరం అరిగిపోతాది. లిరిక్స్ చూడకుండా ఒకసారి విని వినిపించింది వినిపించినట్టు రాసుకోండి, తర్వాత లిరిక్స్‌తో సరిచూడండి, ఎన్ని మాటలు జారిపోయాయో అదే మీకు దొరికే గట్టి సాక్ష్యం.

ఇక వేరేవాళ్ళ రివ్యూలు చదవడం. ఇక్కడ కాస్త చరిత్ర తెలిస్తే మంచిది, ఎందుకంటే ఈ గొడవ నిన్నటిది కాదు. 1965 జూలై 25న అమెరికాలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో, ఒంటి గిటార్‌తో పేరు తెచ్చుకున్న పాటగాడు బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో, వెనకాల బ్యాండ్‌తో మూడు పాటలు వాయిస్తే జనంలోంచి గోల వచ్చింది. ఆ గోల ఎందుకని అంటే ఇప్పటికీ ఒక మాట లేదు, ఎలక్ట్రిక్ నచ్చక అని కొందరు, సౌండ్ దరిద్రంగా ఉందని కొందరు, మూడు పాటలకే దిగిపోయాడని కొందరు. తర్వాతేడు, 1966 మే 17న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మొదటి సగం ఒంటరిగా పాడి రెండో సగం బ్యాండ్‌తో వస్తే ఎవరో "జూడాస్" అని, అంటే ఏసుని పట్టించిన ద్రోహి పేరు పెట్టి, అరిచారు. అదే టిక్కెట్టు, అదే మనిషి, అదే రాత్రి. సౌండ్ నచ్చలేదా, మనిషి మారడం నచ్చలేదా? మీరు చదివే ప్రతి చెడ్డ రివ్యూకీ ఈ ప్రశ్న వెయ్యండి. జవాబు "మారడం నచ్చలేదు" అయితే ఆ రివ్యూ ఆల్బమ్ గురించి కాదు, రాసినాయన గురించి.

నా మాటకి అసలు సాక్ష్యం మాత్రం అమెరికా రాక్ పాటగాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. ఆయన ఇండీ (కంపెనీ లేకుండా సొంతంగా పాటలు వేసుకునేవాడు) కాదు, పెద్ద కంపెనీ మనిషే, అయినా కథ వినండి. 1982 జనవరి ప్రాంతంలో న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద పాటలు పాడి పెట్టుకున్నాడు, బ్యాండ్‌కి నేర్పడానికి. స్టూడియోలో బ్యాండ్‌తో వాయించి చూశారు, చాలా పాటలు కుదరలేదు, చివరికి జేబులో తిరిగిన ఆ క్యాసెట్టే అదే ఏడు 'నెబ్రాస్కా' అని ఆల్బమ్‌గా వచ్చింది. కానీ అప్పుడు ఇంట్లో పాడుకున్న పాటల్లోనే 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' కూడా ఉంది, అది బ్యాండ్‌తో 1984లో వచ్చి ఊళ్ళు ఊళ్ళే ఊగిపోయాయి. ఒకే మనిషి, ఒకే గది, కొన్ని పాటలు బ్యాండ్‌ని వద్దన్నాయి, ఒకటి కావాలంది. అప్పట్లో పక్కన పెట్టిన బ్యాండ్ రికార్డింగులు 2025లో బయటికొచ్చాయి. రివ్యూ రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి హోంవర్క్ లేదు, ఒకే పాట రెండు రకాలుగా విని ఏది ఎందుకు నిలబడిందో పది లైన్లు రాయండి.

అటు వైపు ఉదాహరణ బోన్ ఐవర్, అతనూ అమెరికా పాటగాడే. విస్కాన్సిన్ అడవిలో చలికాలం ఒంటరిగా చేసుకున్న పాటలతో పేరొచ్చింది, 2011లో బోలెడంతమంది వాద్యగాళ్ళతో రెండో ఆల్బమ్ వేస్తే పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల వెబ్‌సైట్ పదికి 9.5 ఇచ్చింది, 2012లో గ్రామీ వాళ్ళు 'కొత్త కళాకారుడు' అవార్డు ఇచ్చారు. రెండో ఆల్బమ్‌కి కొత్త కళాకారుడు, బాగుంది కదా.

నంబర్ల గురించి ఎక్కువ చెప్పను. రివ్యూలన్నీ ఒకచోట చేర్చే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో కనిపించే వందకి ఇన్ని అన్నది అందరి మార్కులూ కలిపి తీసిన సగటే, కానీ కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ, ఎవరికి ఎంతో వాళ్ళు చెప్పరు. స్టార్లూ, ఏ బీ సీ గ్రేడులూ అన్నీ వందలోకి మార్చేస్తారు. అందులోనూ సగం మంది తొంభై, సగం మంది యాభై ఇచ్చిన ఆల్బమ్‌కీ, అందరూ డెబ్భై ఇచ్చిన ఆల్బమ్‌కీ సగటు ఒకటే వస్తాది. గిటార్ నుంచి బ్యాండ్‌కి మారిన ఆల్బమ్‌లు ఎక్కువ మొదటి రకమే. అందుకే నంబర్ చూసి వదిలెయ్యకుండా అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చినదొకటి, తక్కువ ఇచ్చినదొకటి తెరిచి, రెండూ ఒకే పాట గురించి ఏమన్నాయో చూడండి. ఒకే పాటని ఒకాయన మెచ్చుకుని ఇంకొకాయన తిట్టాడంటే ఆ పాట తప్పకుండా వినాలి.

కొన్ని మాటలు మాత్రం కనిపించగానే అనుమానించండి. "పరిణతి" అంటే చాలాసార్లు వాద్యాల సంఖ్య పెరిగిందని. "ధైర్యం చేశాడు" అంటే రాసినాయనకి నచ్చలేదు గానీ పాడినాయన తెలిసినవాడు. "ఓవర్ ప్రొడ్యూస్డ్" అన్నవాణ్ణి ఎక్కడ అని అడగాలి, చోటు చెప్పగలిగితే మాట నిజం. "పాత రోజులు గుర్తొచ్చాయి" అన్నది ఆల్బమ్ గురించి మాటే కాదు. నేను ఈ నాలుగూ వాడాను, వేర్వేరు రివ్యూల్లో.

రాయడానికి కూర్చునే ముందు క్రెడిట్స్ చదవండి. డ్రమ్స్ మనిషి వాయించాడా, కంప్యూటర్‌లో కట్టారా, మిక్సింగ్ ఎవరు, బ్యాండ్ అరేంజ్‌మెంట్ పాటగాడిదేనా. తప్పు ఎవరిదో తెలీకుండా అంతా పాటగాడి నెత్తిన వేసేస్తుంటాం. డ్రమ్స్‌కి ఒక్కదానికే ఏడెనిమిది మైకులు పెట్టడం మామూలే, మన పక్క అంత గది దొరకడమే కష్టం, డబ్బులు కాస్త ఉన్నవాడు వైజాగో భువనేశ్వరో పోతాడు. దాన్ని సాకుగా తీసుకుని మార్కులు కలపొద్దు, తెలిసి రాయండి అంటున్నా.

మా ఊరివాళ్ళకి ఒక లాభం ఉంది, దాన్ని వాడుకోండి. తెలుగు రాని ఒడియా ఫ్రెండ్ ఎవడో ఒకడు ఉంటాడు కదా, వాడికి వినిపించండి. మా పక్కింటి ఒడియా కుర్రాడు మొదటి ఆల్బమ్ విన్నప్పుడు మర్యాదకి తలూపాడు, అందులో మాటలే బలం, వాడికి మాటలు రావు. రెండోది వినగానే నాలుగో పాట దగ్గర "భొలొ హెయిచి" (బాగుంది) అని మళ్ళీ పెట్టమన్నాడు. మూడో పాట దగ్గర ఫోన్ చూసుకున్నాడు. మాట తెలీని చెవికి కూడా అక్కడ ఏమీ జరగట్లేదని తెలిసిపోయింది. అది నా రివ్యూలో పెట్టాను.

భాష సంగతి ఒక్క ముక్క. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఇక్కడ కూర్చుని "స్వరసమ్మేళనం శ్రోతల హృదయాలను ఓలలాడించింది" అని రాస్తే ఆయన ఊరుకోరు. నోటితో ఎలా చెప్తారో అలా రాయండి.

పాటగాడు తెలిసినవాడైతే మొదటి లైన్లోనే చెప్పెయ్యండి, చిన్న ఊరు, దాచినా దాగదు. నేను తప్పు రాసినది తీసెయ్యలేదు, దాని కిందే తేదీ వేసి రెండోది రాశాను: మొదటిది ఒక చెవితో రైల్లో విని రాసింది, ఇది బాక్సులో మూడుసార్లు విని రాసింది, నాలుగో పాటకి బ్యాండ్ లేకపోతే పాటే లేదు, ఆరో పాటలో మాటలు జారాయి, మూడో పాటకి డ్రమ్స్ అక్కర్లేదు, గొంతొక్కటే చాలు. మావాడు చదివి ఫోన్ చేశాడు, నాలుగో పాట గురించి థాంక్స్ అన్నాడు, మూడో పాట గురించి మాత్రం "నీకు అర్థం కాలేదన్నా" అన్నాడు. వారం తర్వాత పాతపట్నంలో చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే ఎల్లాను, వెనక వరసలో కూర్చున్నాను. స్టేజీ ఎక్కగానే కావాలని ఆ మూడో పాటే ముందు ఎత్తుకున్నాడు, ఫుల్ డ్రమ్స్‌తో, నా వైపే చూస్తూ.